అడుగు

అర్ధరాత్రి తిరుచెంగోడు లారీ
మా హొరమావు సందులోకి వెనక్కి వెనక్కి వచ్చి ఆగింది.
తెల్లారేదాకా ఇళ్ల కిటికీలన్నీ పళ్లు కొరికాయి.

అరవై అడుగులకి ఎర్రమన్ను అయిపోయింది.
ఆ తర్వాత రాయి.
రాయి తర్వాత రాయి.
అడుక్కింతని లెక్క రాసుకుంటూ
ప్లాస్టిక్ కుర్చీలో నేను,
తలకి తువ్వాలు, నోటినిండా దుమ్ము.
అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి
ఇక్కడే గంగ అన్నాయన
ఎనిమిదొందల దగ్గర్నించి ఫోనెత్తడం మానేశాడు.

పన్నెండొందల దగ్గర ఇంజనాపి
"తణ్ణి ఇల్లె సార్" అన్నాడు డ్రిల్లరు.
అన్ని అడుగులు దిగినా
అడుగు తగల్లేదు.
సందంతా బూడిదరంగు,
కార్ల మీద, ఆరేసిన చీరల మీద, నా మీద.

అప్పుడొచ్చింది ఎదురింటి వనజాక్షి, రెండు బకెట్లతో.
"నీళ్లు పడలేదమ్మా."
"తెలుసండీ. ఏ కుప్ప ఎంత లోతుదో చెప్పండి చాలు."
చెప్పాను.
మెత్తటి చీపురుతో నా నష్టాన్ని ఊడ్చి
ఎత్తుకుపోయింది.

ఆమె కారుషెడ్డులో కారు లేదు.
సారె, గ్యాసు బట్టీ, గోడవారగా సంచులు.
ఒక్కో సంచికీ సుద్దముక్కతో చిరునామా:
కల్కెరె చెరువు, ఏప్రిల్.
మెట్రో స్తంభం, మలుపు దగ్గర.
నంది కొండ, వాన కడిగిన వైపు.
చివర్న కొత్తది:
శేషగిరిగారి బోరు, 1180 నుంచి 1200.

నా పేరు ఒక మట్టిసంచి మీద
అంత గుండ్రంగా ఎవరూ రాయలేదు.

కొండ బొమ్మ గీయదామె.
గాలివానకి కూలిన గుల్‌మొహర్ కొమ్మ కాల్చి,
ఆ బూడిదలో నా రాతిపిండి జల్లించి, గిన్నెకి పూసి
లోపల పెట్టి తలుపేస్తుంది.
పన్నెండొందల అడుగుల కింది రాయికి
పన్నెండొందల ఎనభై డిగ్రీలు.
కరిగి, జారి,
తనకి నచ్చినచోట ఆగుతుంది రాయి.
కొండలూ అలాగే ఆగాయట. ఆమె మాట.

మొదటి నాలుగూ పగిలాయి.
ఐదోది వంకరపోయి
గేటు దగ్గర కుక్కకి నీళ్లగిన్నె అయింది.
ఆరోది, రెండు నెలలకి, పాత కన్నడ పేపర్లో చుట్టి
మా ఇంటికి తెచ్చింది.

బయట గరుకు, కోలారు దారిలో గుండ్లలా
ఎండకి వీపు చూపించే బూడిదరంగు.
అక్కడక్కడ ఇనపచుక్కలు.
లోపల మాత్రం
జారిందంతా అడుక్కి చేరి
లేతాకుపచ్చగా నిలిచిపోయింది.

లక్షా డెబ్భై వేల గిన్నె అన్నాను.
నవ్విందామె. మా ఆవిడ నవ్వలేదు.

పొద్దున్న ట్యాంకరు హారను కొడుతుంటే
బిందెలు తీసుకుని పరిగెత్తబోతూ
గిన్నె వంచింది మా ఆవిడ,
నీళ్లు మిగిలాయనుకుని.
చుక్క రాలలేదు.
వేలు పెట్టి చూసింది.
పొడి.

తర్వాత నేనూ పెట్టి చూశాను,
ఎవరూ లేనప్పుడు.