ఒక చెంచా నీళ్ళు

కుస్కోక్విం నది గడ్డకట్టిన ఆరో వారం
మా ఊరి క్లినిక్కులో బల్లమీద
పది చెంచాల చక్కెర కుప్పగా పోసి కూర్చున్నాను.
పక్కనే ఖాళీ సోడా డబ్బా.
తల్లులొచ్చారు, పార్కాల మీది మంచు దులుపుకుంటూ.
ఇద్దరు ముగ్గురు నాన్నలూ వచ్చారు గానీ
తలుపు దగ్గరే ఆగిపోయారు.

"ఇదంతా ఇందులోదే" అన్నాను.
ఎవరూ నోరు మెదపలేదు.
ఆ మౌనం నాకు తెలుసు.
పొద్దున విమానం దిగి
మధ్యాహ్నానికల్లా ఎగిరిపోయే డాక్టర్ల ముందు
మా అమ్మా ఇలాగే కూర్చునేది,
కనుబొమలెత్తి, అవునవునంటూ,
ఒక్క ముక్కా చెవికెక్కించుకోకుండా.

అగాఫియా ఒళ్ళో ఎవాన్.
రెండేళ్ళింకా నిండలేదు.
ముందరి నాలుగు పళ్ళూ
కాల్చి పారేసిన అగ్గిపుల్లల తలలు.
నోట్లో సీసా,
సీసాలో పొడి కలిపిన నారింజ రంగు తీపి.

"పాలపళ్ళేగా, ఎలాగూ ఊడేవేగా" అంది వాళ్ళత్త.
ఊడేదాకా నొప్పి ఎవరిదని అడగబోయాను.
అంతలో అగాఫియా అందుకుంది:
"మాట్రోనా, నువ్విక్కడే పుట్టావు.
మా ఇంట్లో కొళాయి లేదని నీకు తెలుసు.
బిళ్ళలు వేసి తెచ్చుకునే నీళ్ళు
తుప్పు వాసన, మందు వాసన.
నోట్లో పోస్తే ఉమ్మేస్తాడు.
ఉన్నది ఒక్క గది, తొమ్మిది మందిమి.
చీకట్లోనే లేచి మంచు కింది వల లాగాల్సిన మనిషి
వాడి ఏడుపు పక్కనే పడుకోవాలి.
సీసా ఇస్తే ఊరుకుంటాడు.
ఇప్పుడు చెప్పు,
నేను పోసేది చక్కెరా, నిద్రా?"

చెంచాలు లెక్కపెట్టానే గానీ
ఈ లెక్క నేను వేయలేదు.

పై వరస కట్టుడుపళ్ళు తీసి
చక్కెర కుప్ప పక్కన పెట్టాను.
పిల్లలు కిసుక్కుమన్నారు.
పందొమ్మిదో ఏట పెట్టించుకున్నవి.
"మా అమ్మ కూడా నిద్రే పోసింది" అన్నాను,
'స' సరిగ్గా పలక్క, గాలిపోతూ.
"దానిమీద నాకు కోపం లేదు.
చెప్పేవాళ్ళు చెప్పిన తీరుకి
దానికి వినబుద్ధి కాలేదు."

అప్పుడు నవ్వారు.
నాన్నలు ఒకడుగు లోపలికి జరిగారు.

మర్నాడు అగాఫియా, నేనూ స్నోమెషీన్ మీద
ముసలివాళ్ళు టీ నీళ్ళకి వెళ్ళే వాగు దగ్గరికి పోయాం.
నీలం గడ్డలు గొడ్డలితో కొట్టి తెచ్చాం.
స్టవ్వు మీద అవి చిటచిటమంటూ కరిగాయి.
మరిగించాం, చల్లార్చాం.
మొదటి రాత్రి సీసాలో
ఒక చెంచా తీపి తీసి ఒక చెంచా నీళ్ళు.
రెండో రాత్రి రెండు.
వాడికి తెలియలేదు.
ఐదో రాత్రి తెలిసిపోయింది.
విసిరికొట్టిన సీసా తాత బూటులో పడింది.
ఆరో రాత్రి ఇల్లంతా జాగారం.
తాత సీల్ వేట కబుర్లు మొదలెడితే
అందరికన్నా ముందు తాతే నిద్రపోయాడు.
ఏడో రాత్రి ఆమె ఓడిపోయింది,
మళ్ళీ నిండుగా నారింజ రంగు.
రెండ్రోజులు దాచి, తనే వచ్చి చెప్పింది.
"ఏముంది, మళ్ళీ ఒక చెంచా" అన్నాను.

ఆ నాలుగు పళ్ళూ మాత్రం దక్కలేదు.
విమానమెక్కించి తీసుకెళ్ళి
మత్తిచ్చి పీకించాల్సొచ్చింది.
ఆ పొద్దు అగాఫియా పరాయి ఊరి వరండాలో
వాడి చిన్న బూట్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.
నాదగ్గర చెప్పడానికి ఏమీ లేకపోయింది.

నది పగిలి గడ్డలు కదిలే రోజుల్లో
టీ తాగడానికి వాళ్ళింటికెళ్ళాను.
ఎవాన్ పొయ్యి మీది కుండ వైపు వేలు చూపించి
"మెక్" అన్నాడు.
మా యూపిక్‌లో నీళ్ళని.
ఆ మాటకి పళ్ళతో పనిలేదు.