ఓవర్ క్రాంక్

రుషికొండ దగ్గర నిన్న షూటింగు.
పిల్ల కెరటంలోకి పరిగెత్తాలి, నీటిచుక్కలు గాల్లో ఆగాలి.
"ఓవర్ క్రాంక్ పెట్టండి సార్" అన్నాడు డైరెక్టరు.
నేనో మీట నొక్కాను.
"క్రాంక్ అంటే ఏంటి సార్?"
లెన్సులు తుడిచే కుర్రాడు.

కెమెరాకి పిడి ఎక్కడుంది ఇప్పుడు?
గుడ్డ చిరిగిపోయిన గొడుగుకి వంకీ మిగిలినట్టు
మాట మిగిలింది.

నా చిన్నప్పుడు కురుపాం మార్కెట్ మలుపులో
బోని అప్పలసూరి చెరకురసం బండి.
చక్రానికి కట్టిన మువ్వలు
సెకనుకి రెండు చుట్లు, ఎప్పుడూ రెండే.
"ముసిలోడా, బేగి తిప్పు" అని కళాసీలు అరిచినా రెండే.

"సుట్టుకి ఎనిమిది బొమ్మలురా గుంటా.
రెండు సుట్లకి పదారు. అదీ మనిసి నడక.
సెయ్యి నెమ్మదిగా తిప్పేవనుకో
తెరమీద జనం సీమల్లాగ పరిగెడతారు, నవ్వొస్తాది.
జోరుగా తిప్పేవా,
ఆకు రాలడానికి పూట పడతాది.
సేతికీ తెరకీ ఎప్పుడూ ఎదురే."

ఒక్కసారే లెక్క తప్పాడట.
లోతునీళ్ళలో రంగం ఓడ.
ఒడ్డునుంచి పడవల్లో జనాన్ని చేరేస్తున్నారు.
దొర గొడుగు నీడన, పిడి ఇతని చేతిలో.
మూడో పడవలో ఎర్రకోక.
అప్ప. నూకాలు.
చెప్పలేదు, వెళుతున్నట్టు.
"సెయ్యి నా మాట ఇన్లేదు.
గుండెతోపాటు తిరిగేసింది."

నెల తిరిగాక దుప్పటి కట్టి బొమ్మ వేస్తే
ఒక్క కెరటం ఎక్కడానికి
ఆ పడవకి ఎంతసేపు పట్టిందో!
నురగ పైకి లేచి, దిగడం మరిచిపోయింది.
ఎర్రకోక నల్లగా పడింది గానీ
అప్ప చెయ్యెత్తుతుంటే
ఏ వేలు ముందు విచ్చుకుందో తెలిసింది.
ఫిలిం దండగ చేశావని
దొర ఆరోజు కూలి కోశాడు.

"కొయ్యనీ.
రంగం నుంచి ఉత్తరం ముక్క రానేదు.
ఆ పడవ ఎల్లింది ఒక్క నిమిసం.
నాకు రెండొచ్చాయి."

నురగ గ్లాసు నా చేతికిచ్చి
మళ్ళీ మువ్వలు. రెండు. రెండు.

కుర్రాడికి ఇదంతా చెప్పలేదు, వెలుతురు పోతోంది.
గాల్లో పిడి పట్టుకుని తిప్పి చూపించాను,
భుజం నొప్పెట్టేదాకా.
"ఇంత జోరుగానా సార్?
నెమ్మదిగా కదా కనపడాలి?"

"అందుకే" అన్నాను.