తదితరులు

సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దిగగానే కుడిపక్క
మా జిరాక్సు కొట్టు.
గోడ మీద బుడమేరు గీసిపోయిన గీత
ఇంకా నా భుజం ఎత్తున ఉంది.
సున్నం వేయిస్తా, రేపు, అంటాడు ఓనరు.

ఎస్తేరమ్మ గారు బియ్యం సంచిలో తెచ్చింది
నలభై క్యాసెట్లు.
ఒకటి విప్పితే నల్లటి నాడా
ఒండ్రుతో, ఒక నత్తగుల్లతో సహా బయటికొచ్చింది.
"ఇవిక పాడవు మామ్మా."
"తెలుసు. ఇవే నెట్లో ఉన్నాయటగా."

'నీలవేణి సత్రం.'
మధ్యాహ్నం రెండుంబావుకి వచ్చిన రేడియో నాటకం.
రెండొందల పద్నాలుగు భాగాలు.
"ఏది కావాలి?"
"ఏదో తెలిస్తే నీ దాకా ఎందుకొస్తానమ్మాయ్.
మొత్తం."

ఒక్కొక్కటే నొక్కుతూ కూచుంటే ఉగాది వెళ్లిపోతుంది.
అందుకని నల్లతెర తెరిచాను.
బొమ్మల్లేవు, బటన్లు లేవు,
కరెంటు పోయిన గదిలా ఉంటుంది ఆ కిటికీ.
ఓ మూల తెల్లగీత ఒక్కటి
వెలుగుతూ ఆరుతూ, నేనేమంటానా అని.
ఒక్క వాక్యం రాశాను:
ఎక్కడినుంచి, ఏది, ఎక్కడికి,
చివర్న రెండు అడ్డగీతలు పెట్టి 'అన్నీ'.
ఎంటర్ కొట్టాను.

ఒకటో భాగం, మూడు శాతం.
ఒకటో భాగం, నలభై.
మామ్మ స్టూలు మీద కూచుని
ఎక్కుతున్న అంకెల్ని
వరదప్పుడు బ్యారేజీ నీటిమట్టం విన్నట్టు
ఊపిరి బిగబట్టి విన్నది, నేను చదువుతుంటే.

"తాతగారు హీరోనా?"
"హీరోనా! తలుపు."
నాకర్థం కాలేదు.
"తలుపు. గుర్రం. వాన. దొంగ అడుగులు.
హీరోయిన్ గాజులు కూడా మా ఆయనే.
కొబ్బరిచిప్పలు, చింతగింజలు, ఓ పాత రేకు,
కూరలకెళ్లినట్టు సంచి పట్టుకుని వెళ్లేవాడు స్టూడియోకి.
చివర్న పేర్లు చదివి
'తదితరులు' అనేవాళ్లు చూడూ,
అది మా ఆశీర్వాదం గారు."

నూటపదిహేడు దగ్గర కరెంటు పోయింది.
నెట్టూ పోయింది.
వీధిలో చెరుకురసం బండి గజ్జెలొక్కటే మిగిలాయి.
"పోయినట్టేనా?" మామ్మ సంచి మడవబోయింది.
పోదు మామ్మా. తెగినచోటే అందుకుంటుంది.
ఆ వాక్యం మళ్లీ రాయక్కర్లేదు కూడా,
పైబాణం నొక్కితే పాతమాట తిరిగొస్తుంది.
ఆమె వంగి చూసింది,
ఆ బాణం ఏదో.

ఈలోగా ల్యాప్‌టాప్ వెలుగులో
ఎనభై మూడోది పెట్టాను.
ఎవరో ఏడుస్తున్నారు. ఎవరో సర్ది చెబుతున్నారు.
అవేం పట్టలేదామెకి.
ఉన్నట్టుండి చేయెత్తింది.
వెనకాల ఎక్కడో
చేద బావిలోకి దిగుతోంది.
గిలక ఒకచోట ఇరుక్కుని, మూలిగి, కదిలింది.
"మా కుట్టుమిషను చక్రం అది.
నూనె వేస్తానంటే నాతో నాలుగు రోజులు మాట్లాళ్లేదు."

సాయంత్రానికి దిగాయి.
ఇంకో వాక్యం రాస్తే
అన్ని ఫైళ్లకీ ఆయన పేరు తగిలించొచ్చన్నాను.
రెండు నిమిషాల పని, డబ్బులొద్దన్నాను.
"పేరెందుకే?
తలుపు తలుపులా వినపడాలి.
ఆశీర్వాదంలా వినపడితే
మళ్లీ మొదట్నుంచి చేయించేవాళ్లు."

ఎర్రక్షరాల్లో ఐదు మిగిలాయి.
అరవై రెండు, అరవై మూడు, నూటనలభై, ఇంకో రెండు.
మూడుసార్లు కొట్టి చూశాను.
అవి అక్కడే లేవు మామ్మా అన్నాను,
నేనే పోగొట్టినట్టు.
పెన్‌డ్రైవుని చీరకొంగున ముడేసుకుంటూ అంది:
"ఆ ఐదు రోజులూ జ్వరమొచ్చి వెళ్లలేదనుకుందాంలే."

రాత్రి షట్టరు లాగితే
వరద తుప్పుకి సగంలో ఇరుక్కుని
కీచుమంది.
నూనె డబ్బా కౌంటరు కిందే ఉంది.
ఇంకోసారి పైకెత్తి, మళ్లీ లాగాను.