దొంగ లేని ఒర్రుడు

రాత్రి రెండుంబావుకు ఒర్రుతదట.
దినాం అదే టైముకు, చలి మొదలైనకాన్నుంచి.
బర్కత్‌పురా గల్లీల పదమూడు ఇండ్లు లేస్తయి.
పద్నాలుగో ఇంటాయనకు చెవులు వినరావు,
ఆయన కుక్క లేస్తది.

కుర్షీద్ మేడం ఫోన్ల హలో అనలే.
"అయిలయ్యా, దొంగ వస్తలేడు, బండి ఊకుంటలేదు" అన్నది.

ఎనభై తొమ్మిది మోడల్ బెంజి. బూడిద రంగు.
కువైట్ల తిరిగి ఓడెక్కి వచ్చిన బండి,
అద్దం మీద అరబ్బీ స్టిక్కరు సగం గీకి వదిలేసిన్రు.
అలారం నడుమ పెట్టించింది గాదు,
కంపెనీల పుట్టినప్పుడే పేగులల్ల కుట్టింది.
ఏ వైరు ఏడ మునిగి ఏడ తేల్తదో
గీసిన కాయితం జర్మనోళ్ళ తాన ఉంటది.
నా తాన ఒక టెస్ట్ ల్యాంపు ఉంటది.

మొదాలు బ్యాటరీ. పన్నెండున్నర, మంచిగున్నది.
నాలుగు డోర్లు తీసి, ఏసి, మల్ల తీసి
లోపలి లైటు కండ్లు మూస్తుందా లేదా చూసిన.
డిక్కీల ఒక గొడుగు, ఒక చదరంగం డబ్బా,
అండ్ల నల్లగుర్రం లేదు.
అదొక్కటే ఈ బండిల పోయిన సొమ్ము.

"సైరన్ పీకేస్తె అయిపాయె గదా ఉస్తాద్"
అన్నడు మా పోరడు షాబుద్దీన్.
అయితది బిడ్డా.
పన్ను నొస్తె నోరు కుట్టేస్తె గూడ అయితది.

బానెట్ కింద ఒక పిన్ను స్విచ్, బొటనేలంత.
అదే దొంగ అని రాసుకున్న.
గురువారం పొద్దుగాల జుమ్మెరాత్ బజార్ల,
జనం చోర్ బజారని పిలుచుకునే కాడ,
దొంగల పట్టే స్విచ్ ఉన్నదా అని అడిగిన.
గోనెసంచి పరిచిన ముసలాయన దగ్గొచ్చేదాంక నవ్విండు.
ఎనభై రూపాయలు తీసుకొని గూడ నవ్విండు.
తెచ్చి పెడితే మర కలువలే.

గప్పుడు ఒక రాత్రి బండిల్నే కూసున్న.
కాచిగూడ స్టేషన్ కాడి చాయ్ ఫ్లాస్కుల.
పన్నెండు. ఒకటి. ఏదో రైలు కూత.
ఇనుము సల్లారుకుంట టిక్కు టిక్కు మంటది,
ముసలి కీళ్ళ లెక్క.
రెండు దాటినంక టార్చి పట్టుకొని దిగి
బానెట్ సందుల కన్ను పెట్టిన.

పిన్ను నెత్తిన రబ్బరు మెత్త ఉండాలె.
ముప్పై అయిదేండ్లు ఒత్తి ఒత్తి
అది ఎండిన చింతతొక్క అయింది.
చలికి రేకు ముడుసుకుంటె
వెంట్రుకంత సందు.
వెంట్రుకంత సందుకు బండి ఏమనుకుంటదంటె
ఎవడో నన్ను తెరిసిండు అని.

ఒర్రింది. చెవుల పక్కకే ఒర్రింది.
పదమూడు ఇండ్ల లైట్లు, కుక్క.
టార్చి పట్టుకొని బానెట్ మీద వంగినోడు ఒక్కడే
నేను.
"దొరికిండు!" అని ఎవరో మేడ మీదికెళ్ళి.
కుర్షీద్ మేడం నైటీ మీద శాలువ కప్పుకొని వచ్చి
"మనోడే, మనోడే" అన్నది అందరికి,
నా మొఖం లైట్ల పడేదాంక నమ్మలే ఎవ్వలు.

రబ్బరు కోసం ఆ యాల్ల ఏ దుకాణం తెరిసుంటది?
కాలుకున్న హవాయి చెప్పు తీసిన.
మడిమ కాడ, రూపాయి బిళ్ళంత కోసిన.
సొల్యూషన్ రుద్ది అతికించి, బానెట్ దించిన.
పక్కన కూసొని తెల్లారేదాంక చూసిన.
ఊకున్నది.

మూడు రోజులకు ఫోను.
టైము చూస్తె రెండుంబావు.
"ఒర్రలే అయిలయ్యా."
మంచిదే గద మేడం.
"మంచిదే. కిందికి పోయి చూసొచ్చిన,
ఉన్నదా లేదా అని."
జరసేపు ఇద్దరం ఏం మాట్లాడలే.
లైన్ల ఆమె ఊపిరి, యెనుక ఎక్కడో కుక్క.

చెప్పులు మార్చలే నేను ఇంక.
ముషీరాబాద్ రోడ్డు మీద నడుస్తుంటె
ఎడమ మడిమ కింద ఆ గుండ్రటి కిటికిలకెళ్ళి
కంకర ఒక్కొక్కటి పొడిసి
ఎవడ్రా అంటది.