అరసున్న

టోర్స్‌హావ్న్ రేవులో మూడు రోజులుగా పొగమంచు.
నావికుల కార్యాలయం రెండో అంతస్తులో
రన్‌వా ఉన్నికోటు విప్పలేదు, కాఫీ చల్లారిపోయింది.
పాత పడవల జాబితా కొత్త కంప్యూటర్లోకి ఎక్కాలి,
సోమవారం లోపు.
పదకొండు వేల పేర్లు. ఒక్కో పేరు పక్కన ఒక గడి:
ప్రమాదం జరిగితే ఎవరికి చెప్పాలి?

ఖాళీలెన్నో తేల్చమన్నారు పైవాళ్ళు.
నల్‌కి సమానమైనవి చూపించు, అంది.
సున్నా వరుసలు, అంది యంత్రం.
తనలో తనే నవ్వుకుంది. కొత్తలోనూ ఇక్కడే జారిపడింది.
నల్ దేనికీ సమానం కాదు,
ఇంకో నల్‌కి కూడా.
తెలియనిదాన్ని తెలియనిదాని పక్కన నిలబెట్టి
మీరిద్దరూ ఒకటేనా అంటే
ఏం చెబుతుంది పాపం?
అడగందే అమ్మైనా పెట్టదు సరే,
ఇక్కడ అడిగే తీరు కూడా తెలియాలి:
నల్ అయి ఉన్నావా?

అప్పుడు లేచారు రెండు వేల నూట నలుగురు.
వీళ్ళని ఎవరూ అడగనే లేదు.
కాగితం తడిసిందో, పడవ తొందరపడిందో.

తర్వాత రెండు కొటేషన్ గుర్తులు, మధ్యలో ఏమీ పెట్టకుండా.
మూడు వందల ఆరుగురు.
వీళ్ళని అడిగారు. ఎవరూ లేరన్నారు.
అడగకపోవడానికీ, లేరనడానికీ నడుమ
ఎంత నీళ్ళున్నాయో ఈ ఊరికి తెలుసు.
తెరమీద మాత్రం రెండూ ఒకటే తెలుపు.

అయిపోయిందనుకుని మిగతావి అచ్చు తీస్తే
అక్కడక్కడా ఇంకా తెల్లగడులు.
పదిహేడు.
రెండు వలలకీ చిక్కనివి.
పొడవు కొలిచి చూసింది: ఒకటి.
ఒకే ఒక్క స్పేస్.
ఎవరో బొటనవేలితో ఒక్కసారి నొక్కిన జాగా.

ఎనభై ఏడులో ఆ బల్ల దగ్గర కూర్చున్నది సున్‌వోర్.
ఇప్పుడు క్లాక్స్‌విక్‌లో గొర్రెలూ, మోకాళ్ళ నొప్పులూ.
ఫోన్లో చాలాసేపు గాలి చప్పుడు.
"ఉండేవాళ్ళు కొందరు.
అడిగితే తల దించుకుని టోపీ నలిపేవాళ్ళు.
లేరనరు. ఉన్నారనీ అనరు.
వెనకాల వరస పెరిగిపోయేది.
నేనేం చెయ్యను, కాస్త చోటు వదిలేదాన్ని.
తిరిగొచ్చాక చెబుతారులే అని."

చెప్పారా అని రన్‌వా అడగలేదు.

కొత్త నిబంధన చిన్నది:
అంచుల్లో స్పేసులు కత్తిరించు,
ఏమీ మిగలకపోతే నల్ అని రాయి.

ఇది రాస్తున్న నా భాషలో ఒక గుర్తుండేది.
రాసేవాళ్ళు, పలికేవాళ్ళు కాదు.
ఒకప్పుడు ఆ మాటలో, ఆ చోట
ముక్కుతో పలికిందేదో ఉండేదని ఆనవాలు.
ఇప్పుడు రాయడమూ మానేశాం.
చదవడానికేం ఇబ్బంది లేదు.

రన్‌వా పెన్సిలు తీసి పదిహేడు పేర్లూ రాసుకుంది.
ఎనిమిదోది ఆమె ఇంటిపేరే.
ఈ దీవుల్లో ఆ ఇంటిపేరు వాళ్ళు వీధికి నలుగురు.
అయినా అక్కడ పెన్సిలు కాసేపు ఆగింది.

తర్వాత ఎంటర్ నొక్కింది.
మూడు వందల ఇరవై మూడు వరుసలు మారాయి, అంది యంత్రం.
తెరమీద ఏదీ మారలేదు.