తుక్కు పోగు

ఈ ఊరి పేరు వూచ్. పోలిష్‌లో పడవ అని అర్థం.
పడవ ఉంది, నది లేదు.
వాగులన్నిటినీ నూలు మిల్లుల కింద గొట్టాల్లోకి దించి
పైన ట్రాము పట్టాలు పరిచారు.
వాన పడ్డ రాత్రి ఇనప మూత దగ్గర ఆగితే
ఇంకా పారుతున్న చప్పుడు.

నా ఉద్యోగమూ అలాంటిదే.
మూడో అంతస్తులో, ముప్పై ఏడు డిగ్రీల పెట్టెలో
జెనోబియా గారి రొమ్ములోంచి తీసిన కణాలకు
రోజు విడిచి రోజు గులాబీ రంగు నీళ్లు మారుస్తాను.

మందు పోస్తే చాలావరకు చస్తాయి.
నూటికి ఒకటో రెండో చావవు.
పోరాడవు కూడా. ముసుగుతన్ని పడుకుంటాయి.
మందు వెళ్లిపోయిందని రూఢి చేసుకున్నాక లేచి
మళ్లీ మొదటినుంచి సంసారం పెడతాయి,
నాలుగేళ్ల తర్వాత ఆవిడ వెన్నెముకలో పెట్టినట్టు.

వాటికి జోల పాడేది ఎవరు?
పేరున్న జన్యువుల్లో వెతికాం.
వెతకని చోట ఉంది:
ఏ ప్రొటీన్‌నీ నేయని ఒక పొడవాటి ఆర్‌ఎన్‌ఏ పోగు.
కాలేజీలో మా మాస్టారు అలాంటివాటిని
ఒక్క మాటతో దాటేశారు: చెత్త.
నేనూ పరీక్షలో అదే రాసి మార్కులు తెచ్చుకున్నాను.

గురువారం జెనోబియా గారు వచ్చారు, చేతికర్రతో,
"నావి చూపించు" అంటూ.
ముప్పై ఒక్కేళ్లు వడుకు మిల్లులో చేసిన మనిషి.
మైక్రోస్కోపు మీదికి వంగి చాలాసేపు మాట్లాడలేదు.
"బాగానే తింటున్నాయే, దొంగపీనుగులు."

పోగు సంగతి చెప్పాను. చెత్త అన్న సంగతీ చెప్పాను.
ఆవిడ నవ్వలేదు.
"యంత్రం కింద రాలిన తుక్కుని
మేం ఊడ్చి పారేసేవాళ్లం కాదమ్మా.
సాయంత్రం తూచేవాళ్లు.
ఎంత రాలిందో చూసి
పైన ఏ కదురు తప్పిందో మేస్త్రీ చెప్పేవాడు."

ఆ రాత్రి ఎదురు పోగు పోశాను,
అక్షరానికి అక్షరం తిరగేసి అల్లించిన పొట్టి ముక్క.
అది పోయి పొడవాటిదాన్ని వాటేసుకుంటుంది.
వాటేసుకున్న చోట కణం తన కత్తెరతోనే
తన జోలని కత్తిరించుకుంటుంది.
తొమ్మిది పళ్లేల్లో ఆరింట నిద్ర చెదిరింది.
లేచినవి మామూలు కణాల్లా లేచాయి,
మామూలు మందుకి మామూలుగా చచ్చాయి.
మిగతా మూడింట ఎందుకు లేవలేదో తెలియదు.

పళ్లెం మనిషి కాదు. ఆ పొట్టి ముక్క
రక్తంలో పడితే కాలేయం దాకా పోయి అక్కడే చతికిలబడుతుంది.
వెన్నెముక దాకా దాన్ని చేర్చే పడవ
మా పడవ ఊళ్లో ఇంకా తయారవలేదు.
ఈ మాట ఫోన్‌లో చెప్పకుండా, ఇంటికెళ్లి చెప్పాను.
చెప్పాల్సింది కాదేమో.
"ఎన్నాళ్లు పడుతుంది?"
"పదేళ్లు. ఎక్కువే."
ఆవిడ నన్ను సాగనంపడానికి కోటు తొడుక్కుంటూ ఒక కాజా తప్పారు,
బొత్తాలన్నీ విప్పి మళ్లీ కిందినుంచి పెట్టుకున్నారు.
"సరే. తుక్కు తూచడం మాత్రం మానకు."

ఇవాళ శనివారం. వాన.
ఆరు, మూడు అని నోటుపుస్తకంలో ఎక్కించాను.
మూడు చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టాను.
ట్రాము ఇంకా రాలేదు.
బూట్ల కింద నది పోతోంది.