స్టాకు రిజిస్టరు, పేజీ పదకొండు

పొందూరు హైస్కూల్లో చేరిన మూడో వారం
నేనొక చార్టు రాశాను.
విశాఖలో ఆరేళ్లు ర్యాంకులు పండించిన చెయ్యి మరి.
ఒకటి నుంచి నలభై రెండు దాకా పేర్లు,
పైవాళ్లు నల్ల సిరాలో, కిందివాళ్లు ఎర్ర సిరాలో.
తవిటమ్మ మేడమ్ కళ్లద్దాలు సర్దుకుని
అడుగు నుంచి పైకి చదివారు.
"నలభై రెండు, గురుగుబెల్లి అప్పన్న.
ఆళ్లమ్మకి జొరమొస్తే వారం రోజులు వంట సేసినాడు.
ఆ మార్కులు ఏ గడిలో ఏశారు మాష్టారూ?"
నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.
చార్టు వెనక తెల్లగా ఉందని
మధ్యాహ్న భోజనం లెక్క దాని మీదే రాయించారు.

ఆవిడ తల్లి నూలు వడికేది.
ఆఫీసు బీరువాలో, టీసీల కట్ట పక్కన
వాలుగ చేప దవడ ఒకటి ఉండేది,
దువ్వెనలాగా సన్నటి పళ్లతో.
ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన ఇదేమిటని అడిగితే
"మా బీఎడ్డు సార్" అన్నారు.
మార్గశిరం ముసురులో ఒక సాయంత్రం
కొండపత్తి విప్పి, దవడ పళ్లతో దువ్వుతూ నాకు చూపించారు:
"గట్టిగా లాగితే తెగుతాది.
ఓపిగ్గా దువ్వితే సెత్త రాలి
పోగుకి పోగు నిలబడతాది.
మిల్లుకిస్తే గంటలో అయిపోద్ది, నిజిమే.
మరి నూరో నెంబరు నూలు రమ్మంటే వస్తాదేటి?"
ఆ పత్తి నా అరచేతిలో బరువే లేదు.
నాకు నమ్మకమూ కుదరలేదు.
పబ్లిక్ పరీక్షకి ఎన్ని రోజులుందో
వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నాను.

ఫిబ్రవరిలో నీళ్ల ఫిల్టరు కుళాయి విరిగింది.
ఎవరో తన్నారు. ఎవరో చూశారు. ఎవరూ చెప్పలేదు.
నేను బెత్తం వెతికాను.
ఆవిడ వరండాలో బల్ల వేయించి
ఒక స్క్రూడ్రైవరు, కొత్త కుళాయి,
తెల్లటి టేపు చుట్ట పెట్టించి
వెళ్లి ఏడో తరగతికి పద్యం చెప్పుకున్నారు.
ఒక రోజు. రెండు రోజులు.
పిల్లలు ఇళ్ల నుంచి సీసాల్లో నీళ్లు మోసుకొచ్చారు.
మూడో రోజు నేనే అన్నాను,
"ఇలాగైతే బడి నడవదు మేడమ్."
"నడవకపోతే కూకుంటాది.
మనమూ దాని పక్కన కూకుందాం."

ఐదో రోజు ప్రార్థన గంటకి ముందే
కుళాయి బిగించి ఉంది.
కొంచెం వంకరగా,
టేపు కావలసినదానికి మూడింతలు చుట్టి.
చుక్క కారడం లేదు.
బల్ల మీద స్క్రూడ్రైవరు మాత్రం లేదు.
"దొంగతనం కూడా నేర్పామన్నమాట" అన్నాను.
ఆవిడ గ్లాసుడు నీళ్లు పట్టుకుని తాగి
గ్లాసు కడిగి బోర్లించారు.

ఎవరో నాకు ఈ రోజుకీ తెలీదు.
అప్పన్న ఆ ఏడాది లెక్కల్లో తప్పి
సప్లిమెంటరీలో గట్టెక్కాడు.
విశాఖలో నా ఫస్టు ర్యాంకు పిల్ల
రైల్వే స్టేషన్లో నన్ను చూసి
గబగబా వేరే ప్లాట్‌ఫారం ఎక్కింది.
ఈ రెండిటి నుంచీ సూత్రమేదీ తీయను,
తీసే అలవాటు తగ్గించుకుంటున్నాను.
అయినా ఊళ్లో ఎవరింటి బోరు మోటారో బాగయిందంటే
బాగుచేసిందెవరని అడుగుతాను.

మేడమ్ రిటైరై ఛార్జి అప్పగించిన రోజున
తాళాల గుత్తి, క్యాష్ బుక్కు, గంట కొట్టే ఇనుప ముక్క
ఒక్కొక్కటీ నా ముందుకు జరిపారు.
చేప దవడని మాత్రం సంచిలో వేసుకుని
"ఇది మాయమ్మది" అన్నారు.
స్టాకు రిజిస్టరు, పేజీ పదకొండు:
స్క్రూడ్రైవరు, ఒకటి.
ఉన్నది, విరిగినది, పోయినది అని మూడు గడులు.
మూడూ కొట్టేసి ఉన్నాయి.
పక్కన మార్జిన్‌లో గుండ్రటి అక్షరాలు:
"వాడుకలో ఉంది."

కింద నేను సంతకం పెట్టాను.